భద్రకాళి బండ్ రివ్యూ: నడక సూపర్, కిరాయి సంగతేంటి?

నమస్తే అందరికీ. పొద్దున ఆరైంది, నా వెనక కనిపిస్తున్నది మన భద్రకాళి చెరువు. ఈరోజు రివ్యూ ఫోన్‌ది కాదు, బిర్యానీది కాదు. ఈ కట్ట మీది నడక దారిది.

వారసత్వ నగరాలను బాగుచేయడానికి కేంద్రం 2015లో తెచ్చిన హృదయ్ పథకంలో 12 ఊళ్లుంటే అందులో వరంగల్ ఒకటి. ఈ బండ్ ఆ పథకం కింద బాగుపడిందే. నడకకు పదికి ఎనిమిదిస్తా. సైకిల్‌కు మూడు, అదీ మొహమాటానికి! కట్ట దిగి రోడ్డెక్కితే ఇటు ఆటో, అటు ఆపిన కారు.

ఇప్పుడు మా గల్లీకి రండి. ఆ గేటుకున్న టులెట్ బోర్డు చూశారా? 'వాకింగ్ ట్రాక్‌కు దగ్గర'. ఆ మూడు మాటలకే కిరాయి పెరిగింది. మా పక్క పోర్షన్ టైలరన్న మిషన్‌ను ట్రాలీలో వేసుకుని ఊరి చివరకు పోయాడు. గిరాకీ మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

దీన్నే జెంట్రిఫికేషన్ అంటారు. 1964లో రూత్ గ్లాస్ అనే సోషియాలజిస్టు లండన్ గురించి రాస్తూ పెట్టిన పేరిది. అమెరికాలోని అట్లాంటాలో పాత రైలు పట్టాల వెంబడి 22 మైళ్ల బెల్ట్‌లైన్ అనే నడక, సైకిల్ దారి మొదలుపెట్టారు. దాని పక్కన ఇళ్ల రేట్లు ఎగిశాయి. 5,600 చవక ఇళ్లు కడతామని లక్ష్యం పెట్టుకున్నారు కానీ, రేట్లు ఆగవు కదా.

"అయితే ట్రాక్ వద్దా అన్నా?" అని కామెంట్ పెట్టకండి. కావాలి. అన్నిచోట్లా తప్పు ట్రాక్‌ది కూడా కాదు. రేట్లు పెరిగి డబ్బున్నోళ్లు దిగాక సైకిల్ లేన్ వచ్చిన ఊళ్లూ ఉన్నాయి. కానీ ట్రాక్ పడితే సొంతిల్లున్నోళ్లకు సంబరం, కిరాయికున్నోళ్లకు టెన్షన్. ప్లాన్ గీసేటప్పుడు పిలిచేది మొదటివాళ్లనే.

బండి పెట్టుకునేవాళ్లకైతే 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. వేరేచోటికి పంపాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్లే ఉండాలి. రోడ్డవతల మక్కబుట్టలు కాల్చే అవ్వను అడిగా, నోటీసిచ్చారా అని.

"నోటీసేంది బిడ్డా? జరుగుమన్నరు, జరిగిన."

"ఇదివరకు ఎక్కడ కూర్చునేదానివి అవ్వా?"

నిప్పులు విసిరే అట్టముక్కతో అవతలికి చూపించింది. అక్కడిప్పుడు సిమెంటు బెంచీ ఉంది.

నిమ్మచెక్కతో ఉప్పూ కారం గట్టిగా రుద్ది కంకి చేతికిచ్చింది. నేను రోడ్డు దాటి, ఆ బెంచీ మీదే కూర్చుని తిన్నా.