పింఛం ఖరీదును నెమలి ఎక్కడ కడుతుంది?

అందరికీ నమస్కారం.

కేబీఆర్ పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లకు నెమళ్లు కొత్త కాదు. వానలు మొదలయ్యే రోజుల్లో మగనెమలి పురి విప్పితే నడక ఆపి ఫోన్లు తీస్తాం. మనం తోక అనుకునేది అసలు తోకే కాదు. తోక పొట్టిగా వెనకాల ఉండి పింఛాన్ని నిలబెడుతుంది. కంటికి కనిపించేవి ఆ తోకను పైనుంచి కప్పే ఈకలు. మీటరున్నర దాకా పెరుగుతాయి, వానాకాలం ముగిసే సరికి రాలిపోతాయి. మళ్లీ ఏడాదికి మొత్తం కొత్తగా మొలవాలి.

ఇంత ఆర్భాటం దేనికి? ఈ ప్రశ్న డార్విన్‌ను బాగా ఇబ్బంది పెట్టింది. నెమలి ఈకను చూస్తేనే ఒంట్లో బాగుండటం లేదని 1860లో స్నేహితుడు ఏసా గ్రేకు ఉత్తరం రాశాడు. బతకడానికి పనికొచ్చే లక్షణాలే నిలుస్తాయన్న తన ప్రకృతి వరణానికి ఆ ఈక ఎదురు నిలిచింది మరి. 1871లో జవాబు పుస్తకంగా వచ్చింది: మగవి ఒకదానితో ఒకటి పోటీ పడతాయి, ఆడవి తమకు నచ్చినదాన్ని ఎంచుకుంటాయి. పోటీ సంగతి అందరూ ఒప్పుకున్నారు. ఆడదాని ఎంపిక మాత్రం, ప్రకృతి వరణాన్ని తనూ సొంతంగా కనిపెట్టిన వాలెస్‌ లాంటివాడికి కూడా మింగుడుపడలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం దాన్ని పక్కన పెట్టారంటే, ఆ కాలపు మగవాళ్లకు ఆడవాళ్ల మీదున్న అభిప్రాయం అందులో కలిసిందనే నేను అనుకుంటాను.

ఆ అనుమానాన్ని గట్టిగా తీర్చిన ప్రయోగం 1982లో వచ్చింది. కెన్యా గడ్డిమైదానాల్లో ఒక నల్ల పిట్ట ఉంది, మగదాని తోక అర మీటరు ఉంటుంది. మాల్టే ఆండర్సన్ కొన్నిటి తోక కత్తిరించి, ఆ ముక్కల్ని వేరేవాటి తోకకు జిగురుతో అతికించాడు. తోక పొడవైన మగవాటి హద్దుల్లోనే ఎక్కువ ఆడపిట్టలు గూళ్లు పెట్టాయి. అంటే ఆడపిట్టలు మామూలుగా దొరికే తోకల కంటే పొడవైనదాన్ని కూడా ఇష్టపడతాయి. మరి తోకలు అక్కడే ఎందుకు ఆగాయి? ఎక్కడో ఖర్చు అడ్డుపడుతోందన్నమాట.

ఆ ఖర్చే సాక్ష్యమన్నాడు 1975లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అమోట్జ్ జహావి. ఇంత బరువు మోస్తూ కూడా బతికి ఉన్నానంటే నా సత్తా చూడు అని మగది చెప్పుకుంటున్నట్టు. వినడానికి బాగుంది. కానీ ఖర్చు ఉందనడం తేలిక, ఎక్కడుందో చూపించడం కష్టం. 2014లో ఇంగ్లండులో పింఛం కత్తిరించి నెమళ్లు ఎగిరే తీరును కెమెరాలతో కొలిచారు. పైకి లేవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పింఛం మీది కన్నులు ఎక్కువుంటే జతలు ఎక్కువని ఇంగ్లండులో మారియన్ పెట్రీ చూపింది. జపాన్‌లో ఏడేళ్లు చూసినవాళ్లకు అలాంటి సంబంధమే దొరకలేదు. కాబట్టి పాఠ్యపుస్తకాల్లో నెమలి కథ అంత ధీమాగా రాయడం నాకు నచ్చదు. ఖర్చు ఎగరడంలో లేకపోతే, ఏటా ఆ ఈకలు పెంచడంలో ఉండొచ్చు, గంటల కొద్దీ ఆడటంలో ఉండొచ్చు. కొలిస్తేనే తెలుస్తుంది.

ఖర్చు కళ్లకు కట్టినట్టు కనిపించేది పాటలో. పనామాలో టుంగారా అనే చిన్న కప్ప రాత్రిపూట నీళ్లలో కూర్చుని సన్నగా కూస్తుంది. కూత చివర 'చక్' అని ఒక ముక్క కలిపితే ఆడకప్పలకు మరీ ఇష్టం. కప్పల్ని తినే గబ్బిలానికీ ఆ ముక్కే ఇష్టం! హవాయి దీవుల్లో కీచురాళ్లది ఇంకా ఘోరం. ఒక ఈగ మగ కీచురాయి పాటను వెతుక్కుంటూ వచ్చి, దాని మీద పిల్ల పురుగుల్ని వదులుతుంది. అవి లోపలికి దూరి కీచురాయిని తినేస్తాయి. కవాయి దీవిలో ఇరవై తరాలు తిరక్కుండానే చాలా మగ కీచురాళ్ల రెక్కలు పాడే నిర్మాణాన్నే పోగొట్టుకున్నాయి. ఈ మార్పును మార్లీన్ జుక్ బృందం 2006లో ప్రకటించింది. మరి పాట లేకపోతే జత ఎలా? ఇంకా పాడుతున్న కొద్దిమంది మగవాటి పక్కన చేరి, అటొచ్చే ఆడవాటిని కలుస్తున్నాయి.

ఇవన్నీ చూడటానికి హవాయి దాకా పోనక్కర్లేదు. వనస్థలిపురం పక్కనే హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయి. ఆడవి, పిల్లలు గోధుమరంగు. ఎదిగిన మగది నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో ఉంటుంది. ఆడజింక దగ్గరికొస్తే ముట్టె పైకెత్తి, కొమ్ములు వీపు మీదికి వాల్చి, బిగుసుకుని నడుస్తుంది. తన జాగాలో ఒకేచోట పెంటికలు వేసి హద్దు చెబుతుంది. ఆ జాగా కాచినంతసేపు మేత తగ్గుతుంది, పొరుగు మగవాటితో కొమ్ముల పోట్లాట తప్పదు. జాగా దొరకని కుర్రజింకలు మగమందగా వేరుగా తిరుగుతాయి.

బయటి మైదానాల్లో అయితే ఆ కుర్రవి మరోచోటు వెతుక్కుంటాయి. ఇక్కడ చుట్టూ కంచె, కంచె దాటితే విజయవాడ హైవే, కాలనీలు. ఓడిన మగదానికి వెళ్లే దారి లేదు, ఆడజింకకు పోల్చి చూసుకునే మగవీ పరిమితమే. జింకలు కనిపించాయా, ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టి సంతోషపడితే చాలదని నేను గట్టిగా నమ్ముతాను. ఏ మగది ఎన్నాళ్లు జాగా నిలుపుకుంది, ఏది గాయపడింది, ఆడవి ఎటు వెళ్లాయి అన్నది ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసిపెట్టే కాలేజీ పిల్లలు మనకు కావాలి. అటవీశాఖ అనుమతి తీసుకుని, దూరం పాటించి, ఒక బైనాక్యులర్, ఒక నోటుబుక్కుతో మొదలుపెట్టొచ్చు. ఆసక్తి ఉన్నవాళ్లు ప్రసంగం అయ్యాక నన్ను కలవండి.