సీపీఎల్ ఫిల్టర్ రివ్యూ: మన రోడ్డు పక్క రంగులకి పనికొస్తుందా?

స్క్రీన్ మీద రెండు ఫొటోలు చూడండి. తాడేపల్లి సర్వీస్ రోడ్డు పక్కన పిస్తా రంగు ఇల్లు, గులాబీ పిట్టగోడ, దాని మీద దిష్టిబొమ్మ, పక్కనే సగం చిరిగిన పుట్టినరోజు ఫ్లెక్సీ. మొదటి ఫొటోలో ఫ్లెక్సీ మీద తెల్లటి మెరుపు, గులాబీ పాలిపోయింది. రెండో దాంట్లో రెండూ దిట్టంగా ఉన్నాయి. తేడా అంతా ఈ 67 ఎంఎం సీపీఎల్‌దే, అంటే లెన్స్ ముందు బిగించి మెరుపుని తగ్గించే సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్‌దే.

1976లో న్యూయార్క్‌లోని మోమా ఆర్ట్ మ్యూజియంలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ విలియం ఎగుల్‌స్టన్ ఇలాంటి మామూలు వీధుల కలర్ ఫొటోలు పెడితే, ఇందులో ఏముందని విమర్శకులు పెదవి విరిచారు. ఉన్నది రంగే! అది పాలిపోతే మిగిలేది ఉత్త గోడ.

ఎనామిల్ పెయింట్, ఎలివేషన్ టైల్స్, ఫ్లెక్సీ, ఆకులు... వీటి మీద నుంచి వచ్చే మెరుపుని ఫిల్టర్ ముందు రింగు తిప్పుతూ తగ్గించొచ్చు. కానీ గోడకి సూటిగా ఎదురు నిలబడితే ఏమీ జరగదు. పక్కకి జరిగి, గోడతో సుమారు 35 డిగ్రీల ఏటవాలులో చూడాలి. "నా ఫిల్టర్ పనిచేయట్లేదు" అనేవాళ్లలో చాలామంది తప్పేది ఇక్కడే. పెయింట్ లేని స్టీలు, క్రోమ్ మీద మాత్రం ఎంత తిప్పినా దండగ.

వెలుగు ఒకటిన్నర స్టాపు పైనే తగ్గుతుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగమవడం). మంచి ఎండలో ఐఎస్ఓ 200, ఎఫ్/8 దగ్గర షట్టర్ స్పీడు 1/800 రావాల్సింది 1/250కి దిగుతుంది. పగటిపూట ఇబ్బందేం లేదు, పొద్దుగూకాక తీసేయండి.

దీని అసలు సత్తా గుంటూరు చుట్టుపక్కల మిర్చి కల్లాల్లో కనిపిస్తుంది. ఎండుకాయ తొక్క మీద మెరుపు పోయి ఎరుపు చిక్కబడుతుంది. చిక్కూ అక్కడే. మామూలు హిస్టోగ్రామ్ (కెమెరా చూపించే వెలుగుల గ్రాఫ్) నిక్షేపంగా కనిపిస్తుంటే, లోపల ఎరుపు ఛానల్ ఒక్కటే క్లిప్ అయిపోతుంది, అంటే హద్దు దాటి వివరాలు పోతాయి. కాయకీ కాయకీ తేడా పోయి మొత్తం ఎర్రటి ముద్ద! ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేసుకుని, ఎక్స్‌పోజర్ మైనస్ 0.7కి దించి, రా ఫైల్లో (కెమెరా కుదించని అసలు డేటాలో) తీయండి.

పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం 135 అడుగులు. మొత్తం ఫ్రేములో పట్టాలని 16 ఎంఎం వైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే ఈ ఫిల్టర్ వల్ల ఆకాశం ఒక మూల ముదురు నీలం, ఇంకో మూల తెల్లగా వస్తుంది. వెనక్కి నడిచి 35 ఎంఎం వాడండి. కారు డోరు అద్దాల్లో మచ్చలు మచ్చలుగా కనిపిస్తే కంగారుపడకండి, అది టెంపర్డ్ గ్లాస్ గుణం. వాన వెలిశాక గుంటల్లో బోర్డుల నీడలు కావాలంటే ఫిల్టర్ విప్పేయడమే, లేకపోతే వాటినీ చెరిపేస్తుంది.

కొనేముందు షాపులోనే ఒక పరీక్ష. ఎల్‌సీడీ మానిటర్ మీద తెల్ల పేజీ తెరిచి, ఫిల్టర్ మర మీ కంటి వైపు ఉండేలా పట్టుకుని తిప్పండి. ఒక చోట స్క్రీన్ నల్లబడాలి. ముదురు ఊదా దగ్గరే ఆగిపోతే తిరిగిచ్చేయండి.

మీ దగ్గర పెద్ద లెన్స్ ఏ సైజైతే ఆ సైజు ఒక్కటే తీసుకుని, చిన్నవాటికి పెద్ద ఫిల్టర్ బిగించుకునే స్టెప్‌అప్ రింగులు వాడుకోండి. బిగించేటప్పుడు గట్టిగా తిప్పొద్దు. ఇరుక్కుంటే అంచు చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తిప్పితే వచ్చేస్తుంది.