కక్ష్యల లెక్క: గణితం చదివినవారికో కొలువు

శ్రోతలకు నమస్కారం.

వరంగల్ నిట్‌లోనో, కాకతీయ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ గణితం చదివే పిల్లలను తర్వాతేం చేస్తారని అడిగితే లెక్చరర్ పోస్టు అంటారు, లేకుంటే సాఫ్ట్‌వేర్ అంటారు. అంతరిక్షంలో తిరిగే వస్తువుల కక్ష్యలు లెక్కగట్టే కొలువు కూడా ఒకటుందని చాలామందికి తెలియదు. ఉపగ్రహమైనా, పాత రాకెట్ ముక్కైనా, గ్రహశకలమైనా అది రేపు ఎక్కడుంటుందో చెప్పాలి. చెప్పినదాంట్లో ఎంత తేడా ఉండొచ్చో కూడా చెప్పాలి. ఈ రెండోదే అసలు పని.

ముందు మొదటిది చూద్దాం. టెలిస్కోపుతో ఒకసారి చూస్తే రెండు కోణాలే దొరుకుతాయి, దూరం దొరకదు. కక్ష్య తేలాలంటేనేమో ఆరు సంఖ్యలు కావాలి. అందుకే కనీసం మూడు పరిశీలనలు. 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో పియాజ్జి అనే ఖగోళ శాస్త్రవేత్త సెరిస్ అనే గ్రహశకలాన్ని చూశాడు. ఫిబ్రవరి 11 తర్వాత అది అందకుండా పోయింది, సూర్యుడి వెలుగులో కలిసిపోయింది. అప్పటికి దొరికిన కొద్ది పరిశీలనలతోనే ఇరవై నాలుగేళ్ల జర్మన్ గణితవేత్త గౌస్ కక్ష్య కట్టాడు. ఆ డిసెంబరులో ఆయన చెప్పిన చోటి దగ్గరే సెరిస్ మళ్లీ దొరికింది. ఇవాళ్టికీ ఈ విద్య నేర్చేవాళ్లు గౌస్ పద్ధతిని చేత్తో చేసి చూడాల్సిందే.

ఇందులో లెక్క ఎక్కడ తప్పుతుంది? మూడు పరిశీలనలూ మరీ దగ్గరదగ్గరగా ఉంటే మూడు దిశలూ దాదాపు ఒకే తలంలో పడతాయి. అప్పుడు ఆ దిశల నుంచి కట్టే ఒక నిర్ధారకం (డిటర్మినెంట్) సున్నాకు చేరువవుతుంది. దానితో భాగించాలి కనుక కోణంలో వెంట్రుకవాసి తప్పు కూడా దూరంలో వేల కిలోమీటర్లవుతుంది. తర్వాతిది గడియారం. 400 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం సెకనుకు 7.7 కిలోమీటర్లు పోతుంది. ఫొటో తీసిన సమయమంటే కెమెరా తెరుచుకున్న క్షణం కాదు, తెరిచి ఉన్న వ్యవధికి సరిగ్గా మధ్య క్షణం. మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేసి ప్రపంచ సమయంలో రాయాలి. చూసేవారు నిలబడ్డ చోటు కూడా ముఖ్యమే. భూభ్రమణం వల్ల 18 డిగ్రీల అక్షాంశంపై ఉన్న వరంగల్ సెకనుకు 440 మీటర్ల చొప్పున తూర్పుకు కదులుతూ ఉంటుంది.

పరిశీలనలు పెరిగేకొద్దీ కనిష్ఠ వర్గాల పద్ధతితో, అంటే తేడాల వర్గాల మొత్తం వీలైనంత తగ్గేలా, కక్ష్యను సరిచేస్తారు. చూసిన విలువలోంచి లెక్కగట్టిన విలువ తీసేస్తే మిగిలేది సున్నాకు అటూ ఇటూ చెదిరి ఉండాలి. ఒకే వైపు ఒరుగుతూ పోతే నమూనాలో ఏదో ఒక బలాన్ని సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదని అర్థం: భూమధ్యరేఖ దగ్గర ఉబ్బో, పై వాతావరణపు ఒరిపిడో, సూర్యకాంతి నెట్టుడో. తేడా పెద్దగా వచ్చిందని ఆ పరిశీలనను కొట్టేయొద్దు. ముందు కారణం వెతకాలి.

ఇక తేడా ఎంతో చెప్పడం. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం 33, కాస్మోస్ 2251 అనే రెండు ఉపగ్రహాలు అర కిలోమీటరుకు పైగా ఎడంగా దాటిపోతాయని ఒక లెక్క చూపింది. అవి సైబీరియా మీద ఢీకొన్నాయి. లెక్కలో ఉండే అనిశ్చితి ఆ అర కిలోమీటరు కన్నా పెద్దది. ఎడం ఒక్కటే చెబితే చాలదు. 2024 డిసెంబరులో కనిపెట్టిన 2024 వైఆర్4 గ్రహశకలం 2032లో భూమిని తాకే సంభావ్యత కొత్త పరిశీలనలతో పెరుగుతూ, 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతానికి చేరింది. జనం కంగారుపడ్డారు. నిజానికి అది పోయే అవకాశమున్న ప్రాంతం కుదించుకుపోతోంది, భూమి ఇంకా దాని లోపలే ఉంది. అందుకే ఆ ప్రాంతంలో భూమి వాటా, దానితో సంభావ్యత పెరిగాయి. భూమి ఆ ప్రాంతం దాటి బయట పడగానే, కొద్ది రోజుల్లోనే, సంభావ్యత దాదాపు సున్నా అయింది. ఈ సంగతి మామూలు మాటల్లో చెప్పగలిగినవాళ్లు మనకు ఇంకా కావాలి.

మన దేశంలో ఈ పనికి ఇస్రో 2022లో బెంగళూరులో ప్రత్యేక కేంద్రం తెరిచింది. అక్కడే ప్రైవేటు స్టార్టప్‌లూ ఉన్నాయి. అయితే ఇస్రో ప్రకటనలు ఎక్కువగా ఇంజనీరింగ్ వాళ్లకే ఉంటాయి. గణితం వాళ్లకు జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ గట్టి దారి. మాత్రికలు, అవకలన సమీకరణాల సంఖ్యాత్మక సాధన, సంభావ్యత బాగా రావాలి. ఏదైనా ఒక కంప్యూటర్ భాషలో చేయి తిరగాలి.

మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కక్ష్యాంశాలు, అంటే దాని కక్ష్యను చెప్పే సంఖ్యలు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని ఉపగ్రహం ఎప్పుడు ఎక్కడుంటుందో లెక్కగట్టే ఎస్‌జీపీ4 ప్రోగ్రామ్‌కు ఇచ్చి, హన్మకొండలో మీ డాబా మీదుగా సాయంత్రం అది ఎప్పుడు పోతుందో లెక్కగట్టండి. పది రోజులాగి, అవే పాత అంశాలతో మళ్లీ లెక్కగట్టి గడియారంతో సరిచూడండి. చెప్పిన సమయానికన్నా ముందే వస్తే గాలి ఒరిపిడి అనుకున్నదానికన్నా ఎక్కువుందన్నమాట: కక్ష్య కిందికి దిగి చిన్నదవుతుంది, చుట్టు తొందరగా పూర్తవుతుంది. ఆలస్యమైతే, మధ్యలో ఇంజన్లు మండించి దాన్ని పైకి లేపారేమో ఆరా తీయండి.