ఎనాటమీ కోర్సుకి ఎక్స్‌పైరీ డేట్ ఏంటి? ఇదేం జల్లెడండీ బాబూ!

పెద్దవాళ్ల ఒంట్లో ఎముకలు 206. పదేళ్ల కిందటా 206లే. అమెరికాలో నర్సింగ్‌లో చేరాలంటే ముందే ఎనాటమీ (శరీర నిర్మాణం), మైక్రోబయాలజీ (సూక్ష్మజీవులు) లాంటి కోర్సులు పాసవ్వాలి. మరి ఆ ఎనాటమీలో 'A' గ్రేడ్ తెచ్చుకున్న మనిషిని పట్టుకుని నర్సింగ్ స్కూళ్లు "మీ కోర్సు ఐదేళ్లు దాటింది, మళ్లీ కట్టి చదవండి" అంటారేంటండీ? ఒక కాలేజీలో ఐదేళ్లు, పక్కదాంట్లో ఏడు, ఇంకోదాంట్లో అసలు గడువే లేదు. బాక్టీరియా మాత్రం అన్నిచోట్లా అదే!

మందులూ పద్ధతులూ మారతాయి కదా అంటారు. అవి నేర్పేది నర్సింగ్‌లో చేరాక కదా! నన్నడిగితే ఈ గడువు చదువు కోసం కాదు, జనాన్ని తగ్గించడం కోసం. ఎందుకంటే సీట్లు లేవు. బీఎస్‌ఎన్ (నర్సింగ్ డిగ్రీ), ఆ పై కోర్సుల్లో 2023లో అర్హత ఉన్న దరఖాస్తులే 65,766 వెనక్కి పోయాయని అక్కడి నర్సింగ్ కాలేజీల సంఘమే లెక్క చెప్పింది. పాఠాలు చెప్పేవాళ్లు చాలరు, క్లినికల్స్‌కి, అంటే రోగుల దగ్గర చేసే శిక్షణకి, ఆసుపత్రుల్లో చోటు చాలదు. అంతమందిలో ఎవర్ని ఆపాలి? ఇదిగో, పాత తేదీ!

కాబట్టి ముందు మీరు అప్లై చేసే నర్సింగ్ స్కూళ్ల లిస్టు, తర్వాతే కోర్సు. మళ్లీ చెప్తున్నా, ముందు లిస్టు! అందరూ ఉత్సాహంగా కమ్యూనిటీ కాలేజీకి పోయి ఏది ఖాళీగా ఉంటే అందులో చేరిపోతారు, తీరా అప్లై చేసే రోజున "ఆన్‌లైన్ ల్యాబ్ మేం తీసుకోం" అంటే తెల్లమొహం వేస్తారు. ప్రవేశ పరీక్షల్లో టీస్ (TEAS) కావాలా, హెసీ (HESI) కావాలా అన్నది కూడా స్కూలుని బట్టే.

ఇంకోటి, ఇవి గొలుసు కోర్సులు. చాలాచోట్ల కెమిస్ట్రీయో బయాలజీయో అవ్వందే ఎనాటమీ ఫిజియాలజీ వన్‌లోకి రానివ్వరు, వన్ అవ్వందే టూ లేదు, అంటే మూడు సెమిస్టర్లు అక్కడే పోయాయి. మైక్రోబయాలజీ ఎక్కడ పడుతుందో చూసుకోండి. ఆగస్టు బ్యాచ్‌కి అప్లై చేసే గడువు ఫిబ్రవరిలో అయితే అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. స్టాటిస్టిక్స్‌కి ల్యాబ్ లేదు, దాన్ని ఏ సందులోనైనా దూర్చొచ్చు.

సమ్మర్‌లో ఎనిమిది వారాల్లో ఎనాటమీ, దాంతోపాటే మైక్రో తీసుకోమని సలహా ఇచ్చే మహానుభావులున్నారు చూశారూ, వాళ్లనోసారి ల్యాబ్ ప్రాక్టికల్‌కి పంపాలి! బల్ల మీద మోడల్, దాని మీద ఓ పిన్ను, నిమిషంలో ఆ కండరం పేరు స్పెల్లింగ్‌తో సహా రాయాలి. మునిగిపోతే డబ్ల్యూ (మధ్యలో కోర్సు వదిలేసినట్టు మార్కు) తీసుకుని బయటపడదాంలే అనుకుంటారు, కొన్ని స్కూళ్లు డబ్ల్యూని కూడా ఒక అటెంప్ట్ కిందే లెక్కేస్తాయి. సైన్స్ కోర్సు ఒక్కసారికి మించి రిపీట్ చేస్తే ఫైలే చూడని స్కూళ్లున్నాయి.

ఇండియాలో బీఫార్మసీ చేసినవాళ్లకు ఇంకో తలనొప్పి. మన చదువు అక్కడి ఏ కోర్సులకు సమానమో కోర్సుల వారీగా ఇవాల్యుయేషన్ చేయించి ఇచ్చినా, అదే పాత తేదీ దగ్గర ఆపేసే స్కూళ్లుంటాయి. మీ ఏ కోర్సుకి గడువు దాటిందన్నారు, ఎన్నేళ్లన్నారు? కింద రాయండి, నేను చదువుతా.