కేరాఫ్ చిరునామా చాలదు: సంస్థ మెయిల్‌కు డొమైన్ పేరు ఎంచుకోవడం

నమస్కారం. "ముందు మెయిల్ ఖాతాలు తెరిచేద్దాం, డొమైన్ సంగతి తరువాత చూద్దాం" అనే మాట బరంపురం నుంచి రాయగడ దాకా నేను వెళ్లిన ప్రతి చోటా వినిపిస్తోంది. విన్న ప్రతిసారీ బాధ కలుగుతుంది, ఎందుకంటే వాయిదా వేసిన ఆ నిర్ణయం మీదనే మిగిలిన పనులన్నీ నిలబడాలి. డొమైన్ అంటే మెయిల్ చిరునామాలో @ గుర్తు తరువాత వచ్చే పేరు.

సంస్థలకు మెయిల్, ఫైళ్ల సదుపాయం ఇచ్చే మైక్రోసాఫ్ట్ 365 తీసుకున్న రోజున, మీరు చెప్పిన పేరుకు "ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్" తగిలించి ఒక చిరునామా ఇస్తారు. అద్దె ఇంట్లో దిగి, ఇంటాయన పేరుతో "కేరాఫ్" అని రాయించుకునే చిరునామా వంటిది అది. ఉత్తరాలు చేరతాయి, కాదనను. అయితే ఇల్లు మారిన రోజున ఆ చిరునామా మీ వెంట రాదు. సొంత డొమైన్ ఉంటే, రేపు మీరు గూగుల్ వారి అటువంటి సేవ అయిన వర్క్‌స్పేస్‌కు మారినా పోస్టుమ్యాన్‌కు కొత్త ఇల్లు చూపిస్తే చాలు, ఉత్తరం రాసేవారు ఏమీ మార్చుకోనక్కరలేదు. ఆ ఇల్లు చూపించే చీటీనే ఎంఎక్స్ రికార్డు అంటారు.

ఆ మొదటి కేరాఫ్ పేరును తొలగించడం కుదరదు. ఫైళ్లు దాచి పంచుకునే షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్ లింకులలో కనిపించేది అదే, సొంత డొమైన్ కలిపినంత మాత్రాన ఆ లింకులు మారవు. ట్రయల్ కోసమే కదా అని నోటికి వచ్చిన పేరు పెట్టకండి.

(తెర మీద: ఒకే ఊరి పేరు, రెండు రకాలుగా)

ఇక పేరు. మనం పర్లాకిమిడి అంటాం, ఒడియా వారు పారలాఖెముండి అంటారు, ఇంగ్లీషులో రెండు రకాలుగానూ రాస్తారు. ఫోనులో మీ మెయిల్ చిరునామా విన్న గుమాస్తా అందులో ఏది రాసుకుంటాడు? బరంపురానిదీ అదే చిక్కు: బెర్హంపూర్ అనీ, బ్రహ్మపూర్ అనీ రాస్తారు, పైగా పశ్చిమ బెంగాల్‌లో బహరంపూర్ వేరే ఉంది. అందువల్ల ఊరి పేరు లేని పొట్టి పేరు మేలని నా అభిప్రాయం. ఊరి పేరు తప్పదనుకుంటే రెండు స్పెల్లింగులూ కొని, ఒకదానిని ప్రధానంగా ఉంచి, రెండవదానికి వచ్చే ఉత్తరాలు కూడా అదే ఇంటికి చేరేలా మారుపేరుగా కలపండి. తెలుగు లిపిలో "డాట్ భారత్" డొమైన్లు కూడా ఉన్నాయి. వాటి మీద నాకు మమకారం ఎక్కువే, కాని తెలుగు అక్షరాల మెయిల్ చిరునామాను అన్ని మెయిల్ వ్యవస్థలూ స్వీకరించవు కనుక ప్రస్తుతానికి వాటిని వెబ్‌సైట్‌కు ఉంచండి.

డొమైన్ ఎవరి పేరున ఉంది? నాకు తెలిసిన ఒక విద్యాసంస్థకు వెబ్‌సైట్ చేసిన వ్యక్తి డొమైన్‌ను తన సొంత ఖాతాలో కొన్నాడు. రెన్యూవల్ నోటీసులన్నీ అతనికే వెళ్లాయి, గడువు తీరింది, ప్రవేశాల సమయంలో మెయిల్ ఆగిపోయింది. చిరునామా సంస్థది, దస్తావేజు మాత్రం మరొకరిది. రిజిస్ట్రార్, అంటే డొమైన్ అమ్మేవారి దగ్గర, ఖాతాను సంస్థ పేరునే తెరవండి, దానికి ఇచ్చే మెయిల్ అదే డొమైన్‌ది కాకుండా చూసుకోండి. ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకు కొనవచ్చు.

సమయం తక్కువగా ఉంది కాబట్టి మిగిలిన వరుస వేగంగా చెబుతాను. డొమైన్ మీదేనని రుజువుకు మైక్రోసాఫ్ట్ వారిచ్చిన టీఎక్స్‌టీ రికార్డును డీఎన్ఎస్‌లో, అంటే మీ డొమైన్ వివరాల పట్టికలో, పెట్టడమంటే వారిచ్చిన చీటీని మీ గుమ్మానికి అంటించడం. గుమ్మం మీదైతేనే అంటించగలరు. ఒక డొమైన్ ఒకే సమయంలో రెండు మైక్రోసాఫ్ట్ 365 సంస్థలలో ఉండదు, కనుక మీ శాఖలలో ఎవరైనా ముందే ట్రయల్‌లో కలిపారేమో విచారించండి. ఉద్యోగుల ఖాతాలు కొత్త డొమైన్ మీద సిద్ధమయ్యాకనే ఎంఎక్స్ మార్చండి, ముందురోజే టీటీఎల్, అంటే పాత వివరాన్ని ఇతర సర్వర్లు గుర్తుంచుకునే సమయం, తగ్గించండి. అత్యవసర అడ్మిన్ ఖాతాను మాత్రం కేరాఫ్ చిరునామాలోనే ఉంచండి, సొంత డొమైన్‌కు చిక్కు వచ్చిన రోజున లోపలికి వెళ్లే దారి అది. మీ పేరుతో ఉత్తరాలు వేసే హక్కు ఎవరికుందో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. అది ఒక్కటే ఉండాలి, రెండు పెడితే రెండూ చెల్లవు. డీకిమ్ అంటే కవరు మీద లక్క ముద్ర. ఈ రెండింటిలో కనీసం ఒకటైనా ఉండాలని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవారందరినీ కోరుతోంది. ఈ రెండింటిలో ఏదీ సరిపోని ఉత్తరాన్ని ఏమి చేయాలో చెప్పేది డీమార్క్. దానిని మొదట నివేదికలు తెప్పించుకునే స్థాయిలోనే ఉంచి, అవి చదివిన తరువాత కఠినం చేయండి. పాత మెయిల్ తరలింపు వచ్చే వీడియోలో.