న్యూజెర్సీలో నా మ్యూజిక్ రూమ్ కారే!

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? వీకెండ్‌లో ఏం చేస్తావో వీడియో పెట్టమని మా పిన్ని ఒకటే గొడవ. ఇదిగో పిన్నీ, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, కారులో కూర్చుని మ్యూజిక్ వింటున్నాను. పైన ఇల్లుండగా కారెందుకంటే, ఇక్కడి ఇళ్లు చెక్కవి. కాస్త సౌండ్ పెంచితే చాలు, కింది ఫ్లాట్ ఆవిడ కర్రతో సీలింగ్‌ని పొడుస్తుంది. నెలకి అద్దె 2,000 డాలర్లు, మన లెక్కలో లక్షా 70 వేల పైమాటే. అంత కట్టి కూడా నా ఇంట్లో నేను పాట వినలేను!

ఇదేమో చిన్నగా పెట్టుకుని వినే సంగీతం కాదు. ఇప్పుడు మోగుతున్నది అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'ఇన్ ఎ సైలెంట్ వే', 1969 ఆల్బమ్. ట్రంపెట్ పక్కన ఎలక్ట్రిక్ గిటారు, ఎలక్ట్రిక్ పియానోలు చేరేసరికి జాజ్ సంప్రదాయవాదులకి ఒళ్లు మండింది. మొత్తం రెండే ట్రాకులు, ఎల్‌పీకి, అంటే పాతకాలం గ్రామఫోన్ రికార్డుకి, ఒక్కో వైపు ఒక్కోటి. మొదటిదాంట్లో టోనీ విలియమ్స్, అంతటి డ్రమ్మర్, దాదాపు 18 నిమిషాలూ హై-హ్యాట్ (డ్రమ్స్ పక్కన కాలితో నొక్కే తాళాల జత) మీదే చిక్‌చిక్‌మని గడిపేస్తాడు.

నా ప్రాణం రెండో వైపు. జో జావినుల్ రాసిన ట్యూన్‌లో బోలెడు కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) ఉంటే డేవిస్ తీసేయించాడు. కింద ఒకే స్వరం శ్రుతిపెట్టెలా నిలబడుతుంది, పైన జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు ఆచితూచి... ఒక్క నిమిషం, డెలివరీ వ్యాన్‌కి దారివ్వాలి.

ఆ, మధ్యలో రాక్ ఊపు అందుకుంటుంది, చివర్లో మళ్లీ మొదటి భాగమే. ఇంకోసారి వాయించారనుకుంటాం. కాదు, నిర్మాత టియో మాసెరో టేపు ఎడిటింగ్‌లో అదే ముక్క తెచ్చి చివర అతికించాడు! ఒక్క నోటు కూడా తేడా ఉండదు. అయినా ఆ ఊపు తర్వాత వింటే నాకు వేరే పాటలా ఉంటుంది. ఆఫీసులో ఎవరికైనా చెబుదామంటే అందరిదీ వీసా గోల. అందుకే మీకు చెబుతున్నా.

నెక్స్ట్ వీడియో 'ఆన్ ది కార్నర్', 1972. అందులో తబలా ఉంది పిన్నీ! వాయించింది బాదల్ రాయ్. తూర్పు బెంగాల్ నుంచి న్యూయార్క్ వచ్చి, ఇండియన్ రెస్టారెంట్లో తబలా వాయిస్తూ మెక్‌లాఫ్లిన్ కంట పడ్డాడు. మనాడే అనుకోండి. పాత ఎల్‌పీ 30 డాలర్లన్నాడు షాపతను, రెండున్నర వేల పైనే. కొన్నా కారులో తిరగదు కదా, ఫోన్లోనే వింటాను.