జెర్సీ మీద పేరు, గుండెలో జట్టు: బెంగళూరు స్టూడియోలో ఒక సంభాషణ

(బెంగళూరులోని తెలుగు శ్రోతల కోసం రికార్డు చేసిన చర్చా కార్యక్రమానికి ఇది లిఖిత రూపం. ఇందులో పాల్గొన్నవారు: మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక ఫుట్‌బాల్ అభిమాని, ఒకప్పుడు ప్రభుత్వ రంగ సంస్థ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడి, ఇప్పుడు ఆస్టిన్ టౌన్‌లో పిల్లలకు శిక్షణ ఇస్తున్న కోచ్, హైదరాబాద్‌కు చెందిన ఒక క్రీడా విలేకరి.)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. ఒక జట్టును ఏళ్ల తరబడి నమ్ముకున్న మనిషి, అందులోని ఆటగాళ్లు ఏటేటా మారిపోతుంటే ఆ నమ్మకాన్ని ఎక్కడ నిలుపుకోవాలన్నది ఈ రోజు మన చర్చ. అభిమాని గారూ, మీరు స్టూడియోకు ఒక పాత నీలం జెర్సీ తెచ్చారు. ముందుగా దాని సంగతి చెప్పండి.

అభిమాని: ఇది 2018లో కొన్నదండీ. ఆ ఏడాది మార్చి 17న మన కంఠీరవ స్టేడియంలోనే బెంగళూరు ఎఫ్‌సీకీ చెన్నయిన్ ఎఫ్‌సీకీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్ జరిగింది. తొమ్మిదో నిమిషంలో ఉదాంత సింగ్ పంపిన బంతిని సునీల్ ఛెత్రి ముందుకు దూకి తలతో గోల్‌లోకి కొట్టినప్పుడు, నా పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని పెద్దాయన నన్ను కావలించుకున్నాడు. చివరికి మనం 3-2తో ఓడిపోయాం. అయినా మరుసటి వారం వెళ్లి ఈ జెర్సీ వెనుక ఉదాంత పేరే వేయించుకున్నాను. 2014లో మన జట్టులోకి వచ్చి మన కళ్ల ముందే ఎదిగిన ఆ కుర్రవాడు 2023లో ఎఫ్‌సీ గోవాకు వెళ్లిపోయాడు. ఆ వార్త చదివిన రాత్రి దీని మీద పాత వార్తాపత్రిక పరిచి, ఇస్త్రీపెట్టె పెట్టి, వేడికి మెత్తబడిన అక్షరాలను ఒక్కొక్కటిగా గోటితో గీకి తీసేశాను. ఇప్పుడు చూడండి. ఐదేళ్ల ఎండకూ ఉతుకులకూ చొక్కా అంతా వెలిసిపోయింది గానీ, అక్షరాల కింద దాగి ఉన్న బట్ట మాత్రం కొన్ననాటి నీలంతోనే ఉంది. చెరిపేద్దామనుకున్న పేరు ఇదివరకటికంటే బాగా కనిపిస్తోంది.

సమన్వయకర్త: ఒక ఆటగాడు జట్టు మారితే అంత కోపం ఎందుకు వచ్చింది?

అభిమాని: ఆ కోపానికి నాకు అర్హత లేదని తరువాత తెలిసింది. నేను 2012లో మదనపల్లె నుంచి ఈ ఊరికి వచ్చి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో మూడు కంపెనీలు మారాను. ప్రతిసారీ జీతం పెరుగుతుందనో, మారతహళ్లి ట్రాఫిక్ తప్పుతుందనో మారాను తప్ప, నేను వదిలి వెళ్తున్నవాళ్లు ఏమనుకుంటారని ఒక్క రాత్రి కూడా నిద్ర చెడగొట్టుకోలేదు. రెండో చోట రాజీనామా ఇచ్చినప్పుడు మా మేనేజరు “నిన్ను ఇంటి మనిషిలా చూసుకున్నాం కదయ్యా” అంటే బయటికొచ్చి నవ్వుకున్నాను కూడా. అలాంటి నేను, తొమ్మిదేళ్లు ఒకే జట్టుకు ఆడిన మనిషిని ఏరు దాటి తెప్ప తగలేసినవాడని తిట్టాను. నేను ఏ కంపెనీలోనూ తొమ్మిదేళ్లు లేను.

కోచ్: మీ ఉద్యోగానికీ అతని ఉద్యోగానికీ ఇంకో తేడా ఉంది. మీరు అరవై ఏళ్ల వరకు పనిచేయవచ్చు. ముప్పై నాలుగేళ్లు దాటిన ఫుట్‌బాల్ ఆటగాడికి కొత్త కాంట్రాక్టు దొరకడమే గగనం. ఒక్కసారి మోకాలు తిరిగిందంటే ఆ ముప్పై నాలుగు కాస్తా ఇరవై ఏడవుతుంది.

విలేకరి: ఇలా వెళ్లే హక్కు కూడా తేలికగా రాలేదు. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మాన్, తన కాంట్రాక్టు ముగిసినా పాత క్లబ్బు మరో క్లబ్బుకు వెళ్లనివ్వడం లేదని న్యాయస్థానానికి వెళ్లారు. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు ఇచ్చాకే, కాంట్రాక్టు పూర్తయిన ఆటగాడు బదిలీ రుసుముతో నిమిత్తం లేకుండా వెళ్లగలిగే రోజులు వచ్చాయి. ఇప్పటి నిబంధనల ప్రకారం కాంట్రాక్టులో ఆరు నెలలు మిగిలి ఉండగానే ఆటగాడు మరో క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. అందువల్ల, మన జెర్సీలో మైదానంలో పరుగెత్తుతున్నవాడు అప్పటికే వేరే చోట సంతకం చేసి ఉండవచ్చు. అభిమానులకు ఇది మింగుడు పడదు గానీ నిబంధన అదే.

సమన్వయకర్త: బెంగళూరు అభిమానులకు ఇలాంటి పరీక్ష మొదట్లోనే ఎదురైంది కదా?

అభిమాని: మొదటి నుంచీ అదే పరీక్ష. 2013లో పుట్టిన జట్టు మొదటి సీజన్‌లోనే అప్పటి ప్రధాన దేశీయ లీగు ఐ-లీగ్ గెలిచింది. అంతలో ఐఎస్‌ఎల్ వచ్చి దేశంలో రెండు లీగులు నడిచాయి. ఐఎస్‌ఎల్ ఏడాది చివరి మూడు నెలల్లో జరిగితే, ఐ-లీగ్ జనవరిలో మొదలయ్యేది. మన జట్టు ఐఎస్‌ఎల్‌లో లేదు కాబట్టి, మన ఆటగాళ్లు ఆ మూడు నెలలూ అప్పు మీద వేరే జట్లకు ఆడేవారు. 2015 వేలంలో ఛెత్రిని ముంబయి సిటీ 1.2 కోట్ల రూపాయలకు తీసుకుంది. ఆ సీజన్‌లో ఐఎస్‌ఎల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారతీయుడిగా ఆయన పేరు నిలిచింది. నేను టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చేతులు కట్టుకున్నాను. మన ఇంటి దీపమే గానీ వెలుగు పక్కింట్లో పడుతోంది. 2016లో మరీ విచిత్రం. అక్టోబరులో ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్ రెండో అంచెలో, అప్పటి విజేత మలేసియా జట్టు జొహోర్‌ను కంఠీరవలో 3-1తో ఓడించి, ఆ పోటీ ఫైనల్‌కు చేరిన తొలి భారతీయ క్లబ్బయ్యాం. నవంబరు 5న దోహాలో ఇరాక్ ఎయిర్‌ఫోర్స్ క్లబ్ చేతిలో 1-0తో ఓడాం. ఆ ఓటమి నుంచి మేము తేరుకునేలోపే ఛెత్రి ముంబయి జెర్సీ వేసుకుని కనిపించాడు.

విలేకరి: అసలు కష్టం 2017లో వచ్చింది. బెంగళూరు ఐఎస్‌ఎల్‌లో చేరినప్పుడు, సీనియర్లలో ఛెత్రినీ ఉదాంతనూ అట్టిపెట్టుకుంది. మిగిలినవాళ్లు డ్రాఫ్ట్‌లోకి, అంటే క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే జాబితాలోకి, వెళ్లారు. మిడ్‌ఫీల్డ్‌లో ఎంతో కీలకమైన యూజీన్‌సన్ లింగ్డోను కోల్‌కతా జట్టు తీసుకుపోయింది.

అభిమాని: వినీత్‌ను మరచిపోయారు మేడమ్. అదే ఏడాది మే నెలలో కటక్‌లో మోహన్ బగాన్ మీద ఫెడరేషన్ కప్ ఫైనల్ 2-0తో గెలిచాం. రెండు గోల్సూ సి.కె. వినీత్‌వే. కొన్ని నెలలు తిరిగేసరికి ఆయన కేరళ బ్లాస్టర్స్‌లో ఉన్నారు. మనకు ఎవరితో సరిపడదో అందరికీ తెలుసు కాబట్టి వివరించనక్కరలేదు. అప్పుడు ఎవరిని తిట్టాలి? ఆటగాడినా, క్లబ్బునా, డ్రాఫ్ట్ పెట్టినవాళ్లనా? గెలిచిన జట్టును ఏ శత్రువూ చెదరగొట్టలేదు, ఒక నిబంధన చెదరగొట్టింది.

కోచ్: నిబంధన మారినప్పుడల్లా జట్టు మారక తప్పదు. 2021-22 నుంచి మైదానంలో విదేశీ ఆటగాళ్ల సంఖ్యను ఐదు నుంచి నాలుగుకు తగ్గించారు. బయటినుంచి చూసేవాళ్లకు ఒక్కడే కదా అనిపిస్తుంది. శిక్షకుడికి మాత్రం, నిన్నటిదాకా విదేశీ డిఫెండరు ఆడిన చోట ఈ రోజు ఒక భారతీయుడు కావాలి. అలాంటివాడు దేశంలో పదిమంది ఉంటే పదకొండు క్లబ్బులు వెతుకుతుంటాయి. దాంతో ధర పెరుగుతుంది, ఆ ధర చెల్లించడానికి ఇంకెవరినో వదులుకోవాలి. అభిమానికి ఆ వదులుకున్న పేరు ఒక్కటే కనిపిస్తుంది. అయితే క్లబ్బులు చేసే తప్పు కూడా చెబుతాను. వద్దనుకున్న ఆటగాడికి ఆ మాట మొహం మీద చెప్పరు. నాలుగు మ్యాచ్‌లు బెంచి మీద కూర్చోబెడతారు, ఆపైన జట్టులో పేరే ఉండదు, చివరికి అతనే వెళ్లిపోయాడంటారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే అదే. నేను ఆడిన రోజుల్లో నాకూ ఒక చోట అలాగే జరిగింది. ఆ జట్టు పేరు ఇప్పుడెందుకు.

సమన్వయకర్త: వెళ్లినవాడు తిరిగి వస్తే ఏం చేస్తారు, అభిమాని గారూ?

అభిమాని: రాహుల్ భేకే గురించే అడుగుతున్నారనుకుంటాను. 2019 మార్చి 17న ముంబయిలో గోవా మీద ఫైనల్ అదనపు సమయంలోకి వెళ్లింది. పెనాల్టీలు తప్పవని అందరూ అనుకుంటుండగా కార్నర్ బంతిని తలతో లోపలికి కొట్టి మనకు మొదటి ఐఎస్‌ఎల్ కప్పు ఇచ్చినవాడు భేకే. 2021లో ముంబయి సిటీకి వెళ్లాడు. అక్కడ కెప్టెనై 2024 మేలో వాళ్లకు కప్పు అందించాడు. ఆ తరువాత అదే ఏడాది తిరిగి బెంగళూరు వచ్చాడు. ముంబయి జెర్సీలో ఇక్కడికి వచ్చినప్పుడు మన అభిమానులు కూర్చునే వెస్ట్ బ్లాక్‌లో అతని పేరు ఎత్తితే ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. నీలం జెర్సీలో మళ్లీ కనిపించిన రోజు లేచి నిలబడ్డవాళ్లలోనూ ఉన్నాను. మా ఆవిడ అడిగింది: “ఆ మనిషి మారాడా, చొక్కా మారిందా?” అని. నా దగ్గర జవాబు లేదు. కానీ ఒక విషయం అప్పుడు అర్థమైంది. నా ఈలలు భేకే మీద కోపంతో వేసినవి కావు. అతను ఎందుకు వెళ్లాడో నాకెవరూ చెప్పలేదన్న ఉక్రోషంతో వేసినవి. నాలుగేళ్లు ఆడి, కప్పు తెచ్చిన మనిషి వెళ్తుంటే, చివరి మ్యాచ్‌లో ఒకసారి మైదానం చుట్టూ నడిపించి, ఇదిగో వెళ్తున్నాడు అని మాకు చెబితే చాలు. కంఠీరవలో ఆటకీ మాకూ మధ్య పరుగుల ట్రాక్ అడ్డం. అంత దూరం నుంచి చెయ్యి ఊపినా సరిపోతుంది.

విలేకరి: మీకు ఆటగాళ్లు వెళ్లిపోయిన బాధ. మా హైదరాబాద్‌కు జట్టే వెళ్లిపోయింది. ఆ నగరానికి ఈ ఆటలో ఎంత చరిత్ర ఉందో చెప్పనక్కరలేదు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు ముంబయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. అప్పుడూ వలసలు ఉన్నాయి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. కోల్‌కతా పక్కనే ఉత్తరపారాలో స్థిరపడి, 2023లో కన్నుమూశారు. ఆయన మనవాడని మనమంటాం, తమవాడని వాళ్లంటారు, రెండూ నిజమే. కానీ 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చిలో కేరళ మీద పెనాల్టీలతో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన జట్టు, ఆపైన డబ్బు ఇబ్బందుల్లో పడి ఆటగాళ్లను పోగొట్టుకుని, 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది.

అభిమాని: మా తమ్ముడు కూకట్‌పల్లిలో ఉంటాడు, ఆ పసుపు జెర్సీ వాడికి ఇప్పటికీ ఉంది. ఢిల్లీ జట్టును చూస్తావా అని అడిగితే, “ఆ ఊళ్లో నాకెవరున్నారన్నా?” అన్నాడు. పదకొండు మందికి పదకొండు మందీ మారినా వాడు గచ్చిబౌలి వెళ్లేవాడే. ఇప్పుడు వెళ్లడానికి గచ్చిబౌలిలో ఏమీ లేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. హైదరాబాద్ జట్టు వచ్చింది పుణె సిటీ మూతపడ్డాక, దాని స్థానంలోనే. ఆ రోజు మా తమ్ముడూ నేనూ ఫోనులో సంబరపడ్డాం గానీ, పుణెలో ఎవరో ఒకరు తన జెర్సీని మడతపెట్టి అల్మరా అడుగున పెట్టుకుంటూ ఉంటారని మా ఇద్దరికీ తట్టలేదు.

సమన్వయకర్త: ఛెత్రి లేని బెంగళూరును ఊహించారా?

అభిమాని: ఊహించను. ఆయన 1984లో పుట్టారని నాకు తెలుసు, లెక్కలు చేయడం కూడా తెలుసు. తరువాతి ప్రశ్న అడగండి.

సమన్వయకర్త: అయితే చివరి మాట కోచ్ గారిది. మీ దగ్గర నేర్చుకునే పిల్లలు కూడా వెళ్లిపోతుంటారా?

కోచ్: ప్రతి ఏడాదీ వెళ్తారు. మొన్నామధ్య పద్నాలుగేళ్ల పిల్లవాడొకడు, మంచి ఎడమకాలి ఆటగాడు, ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు మైదానానికి వచ్చాడు. చేతిలో సాధనలో చొక్కా మీద వేసుకోవడానికి మేమిచ్చిన నారింజరంగు బిబ్, ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది. “సార్, వేరే అకాడమీలో హాస్టల్ ఇస్తామన్నారు, నాన్నగారు వెళ్లమన్నారు” అన్నాడు. మా పిల్లలు బిబ్‌లను ఎప్పుడూ బురదతోనే పారేసి పోతారు. ఉతికిన బిబ్ నేను చూడటం అదే మొదలు. మంచిది, వెళ్లిరా అన్నాను. మూడు వారాలకు వాడి కొత్త జట్టుతో మాకే మ్యాచ్ పడింది. రెండో సగంలో ఆ ఎడమకాలితోనే మా మీద గోల్ కొట్టాడు.

అభిమాని: చప్పట్లు కొట్టారా సార్?

కోచ్: గోల్ పడింది మా మీదండీ, చప్పట్లెందుకు కొడతాను? వాడిని వదిలేసిన మా డిఫెండరును తిట్టాను.